పట్టు వలలో నిలిచిన బంతి

ముందే చెబుతున్నాను, నేను పెంచి చెబుతాను. ఇది మా ఇంటిపేరుతో పాటు వచ్చిన గుణం. మా నాన్నకి పెరట్లో తేలు కనబడితే, వీధి అరుగు మీదకి వచ్చేసరికి అది ఎండ్రకాయ అయ్యేది. పక్క ఊరు చేరేసరికి మొసలి. మా ఆవిడ నేను ఏం చెప్పినా మూడుతో భాగించుకుని వింటుంది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ లెక్క తప్పలేదు. మీరూ అలాగే చదువుకోండి.

కానీ నాకో నియమం ఉంది. ఉన్నదాన్ని పెంచుతాను గానీ లేనిదాన్ని పుట్టించను. మా నాన్నకైనా తేలంటూ ఒకటి కనబడాల్సిందే. ఈ యాత్ర రాయడంలో ఆ నియమాన్ని ఒక్కచోట తప్పాను. ఎక్కడో చివర ఒప్పుకుంటాను. అంతదాకా భాగించుకుంటూ రండి.

హైదరాబాదులో మా ఆఫీసుకి ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ జట్టు ఒకటి ఉందని నాకు పదేళ్లపాటు తెలియదు. రికార్డు సెక్షన్లో బీరువా మీది కట్టల్ని స్టూలు ఎక్కకుండా తీసే అమ్మాయిలు కొందరున్నారని మాత్రం తెలుసు. ఆట కోసమే వాళ్లకి ఉద్యోగాలిచ్చారట. తెల్లవారి ఆట, పదిన్నర నుంచి ఫైళ్లు, సాయంత్రం మళ్లీ ఆట. నేను నిద్ర లేవకముందే వాళ్లు ఒక రోజు పని పూర్తి చేసేవారన్నమాట.

ఆ జట్టుని, బెంగుళూరు నుంచి ఒక బ్యాంకు వాళ్ల జట్టుని అనంతపురం జిల్లాలో మూడు ఊళ్లకి పిలిచారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. ఊరికో మ్యాచి. ఈ ఆట చూడని జనానికి చూపించాలని అక్కడి ఆటల మాస్టర్లు కొందరు కలిసి చేసిన ఏర్పాటు. సరిగ్గా బయల్దేరే వారం మా జట్టు మేనేజరుకి కామెర్లు వచ్చాయి. అదే వారం నా టైపు మిషను రిపేరుకి పోయింది. నేను లేకపోయినా ఆఫీసులో ఎవరికీ తేడా తెలియదని పెద్దలు తేల్చుకుని నన్ను మేనేజరుగా పంపారు. నా బాధ్యతలు మూడు. పన్నెండు మంది అమ్మాయిలు, నాలుగు బంతులు, రెండు వలలు, ఏవీ తగ్గకుండా తిరిగి తేవడం. పల్లెల్లో ఇనుప రింగులుంటాయి గానీ వాటికి కట్టే వలలుండవట. అందుకని మా వలలు మేమే మోసుకుపోవాలి.

రైలు పెట్టెలో వాళ్లు కాళ్లు చాపుకుంటే టికెట్ కలెక్టరు వాటిని దాటడానికి సికింద్రాబాదులో మొదలుపెట్టి గుత్తిలో ముగించాడు.

హిందూపురంలో తుమ్ములు

హిందూపురం మ్యాచి మార్కెట్ యార్డు పక్కన పెట్టారు. ఒకవైపు చింతపండు బస్తాలు, ఇంకోవైపు ఎండు మిరపకాయల కొండలు. మా కృష్ణా డెల్టాలో మిరపకాయని కూరలో వేస్తారు. ఇక్కడ గాలిలో వేస్తారు. ఆట మొదలైన రెండో నిమిషంలో రెఫరీ విజిల్ ఊదబోయి తుమ్మాడు. అది ఫౌలో తుమ్మో తెలియక ఆడుతున్న పది మందీ ఆగిపోయారు. ఆ పూట మొత్తం నాలుగు వేల తుమ్ములు పడ్డాయి. భాగించుకోండి, ఎంతైనా చాలానే వస్తాయి.

తుమ్ముల మధ్యనే నేను మొదటిసారి ఆ ఆట చూశాను. అప్పటిదాకా మా సెక్షన్లో "సంతకం పెట్టండి సార్" అని మెల్లగా అడిగే అమ్మాయి, తనకల్లు నుంచి వచ్చిన మేరీ, జట్టులో అందరికంటే పొట్టిది. ఆమె బంతిని నేలకేసి కొడుతూ ముగ్గురి మధ్యలోంచి దూరిపోయింది. తూర్పుకి చూస్తూ పడమటికి బంతి విసిరింది. పడమట ఎవరూ లేరు. నేను "అయ్యో" అనేలోపు అక్కడ ఒక మనిషి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. ఆ మనిషి అశ్వర్థమ్మ, మా కెప్టెను. ముప్పై ఏళ్లుంటాయి. కుడి మోకాలికి దిట్టంగా పట్టీ. బంతి అందుకుని పైకి లేచింది. మనమూ ఎగురుతాం, ఎగిరిన చోటి నుంచి వెంటనే కిందకొస్తాం. ఆమె పైకి వెళ్లి, అక్కడ కాసేపు ఉండి, చుట్టూ చూసుకుని, బంతిని రింగులో వేసి, అప్పుడు దిగింది. మా వల చప్పుడు కూడా చేయకుండా బంతిని కిందకి వదిలింది.

నేను నోరు తెరిచి నిలబడ్డాను. మిరపఘాటు లోపలికి పోయి అరగంట దగ్గాను.

గెలిచింది బెంగుళూరు. ఓడింది మేము. తుమ్మింది అందరూ.

అవ్వ ముద్దలు

రాత్రి భోజనం ఒక పెద్దావిడ పూటకూళ్ల ఇంట్లో. గంగమ్మవ్వ అంటారు. పది రూపాయలకి రాగిముద్ద, ఆకుకూర పప్పు, చెనిక్కాయల ఊరుబిండి, అంటే వేరుశనగ పచ్చడి. ముద్ద ఎన్నయినా ఆ పదికే. మా వైపు అన్నాన్ని నమిలి తింటాం గనుక నేను ముద్దనీ నమిలాను. దవడలు రెండూ అతుక్కుపోయాయి.

"ఏమప్పా, నములుతాండావా?" అంది అవ్వ జాలిగా. "ముద్దని నమిలితే దానికి కోపమొస్తాది. పప్పులో అద్దుకో, మింగు. పండ్లతో దానికి పనిలే."

మా అమ్మాయిలు మింగుతున్నారు. తలా నాలుగు. ఒకావిడ ఆరు మింగి, ఏడోదాన్ని ప్రేమగా చూస్తోంది. అవ్వ గరిటె ఆపి వాళ్లనే చూస్తూ అడిగింది.

"ఏమ్మా, మీరు ఎగిరేదానికి దుడ్లిస్తారంటనే, నిజమేనా?"

"నిజమే అవ్వా. నెలనెలా జీతం," అంది మేరీ.

"ఊరికే ఎగిరేదానికా?"

"ఎగిరి బంతి ఏసేదానికి."

అవ్వ మేరీని, గరిటెని, పొయ్యిని మార్చి మార్చి చూసింది. "నలభై ఏండ్లుగా ఈ ముద్ద కెలుకుతాండా. దీంట్లో ఉండే కష్టం మీ బంతిలో ఉండాదా? నాకెవురూ జీతమియ్యలేదే!"

అశ్వర్థమ్మ లేచి వెళ్లి కర్ర అందుకుంది. అవ్వ పక్కన నిలబడి సంకటి కెలికింది. నాలుగు తిప్పులకే భుజం పట్టుకుంది. "నీ ఆటే కష్టం అవ్వా," అంది నవ్వుతూ. అవ్వ ఆ అరచేయి పట్టుకుని దీపం కింద తిప్పి చూసింది. వేళ్ల కొసల్లో గరుకు. చూపుడువేలి పక్కన మాత్రం వేరే రకం గీత, పాతది.

"ఇది బంతిది గాదే. దారం కోసిన గీత. నువ్వు మగ్గం మనిషివి," అంది అవ్వ.

అశ్వర్థమ్మ చేయి వెనక్కి తీసుకుని, "ఒకప్పుడు," అంది. నేను ఆ రాత్రి ఆ మాట పట్టించుకోలేదు. నా దవడల బాధలో నేనున్నాను.

పెనుకొండ మెట్లు

పెనుకొండలో పొద్దున్నే జట్టంతా కొండ ఎక్కాలంది కెప్టెను. మేనేజరు కూడా ఎక్కాలా అని అడిగాను. "మమ్మల్ని లెక్కపెట్టాల్సింది మీరే గదా సార్," అంది మేరీ. ఎక్కాను. ఆ కొండకి లక్షా ఇరవై వేల మెట్లున్నాయి. మూడుతో కాదు, ఈ ఒక్కసారికి మీ ఇష్టం వచ్చిన అంకెతో భాగించుకోండి. నా మోకాళ్లు మాత్రం నా అంకెకే కట్టుబడి ఉన్నాయి.

సగం దారిలో గొర్రెలు కాసుకునే పెద్దమనిషి ఒకాయన, పైకి పరుగెత్తుతున్న పన్నెండు మందిని చూసి నన్ను ఆపాడు.

"ఏమబ్బా, ఆ ఆడబిడ్డలు యాడికి పరిగెత్తుతాండారు? ఏమన్నా పోయిందా?"

"ఏం పోలేదు. ఊరికే."

"ఊరికే కొండెక్కుతారా? నా గొర్రెలు గూడా పనుంటేనే ఎక్కుతాయి." ఆయన నా రొప్పు విన్నాడు. "మరి నువ్వేంటికి ఎక్కుతాండావు?"

"వాళ్లని లెక్కపెట్టడానికి."

"పైకి పోయినోళ్లు కిందికే గదా వచ్చేది. ఈడ కూర్చోని లెక్కపెట్టుకో."

ఇంత తెలివైన సలహా మా ఆఫీసులో ఎవరూ ఎప్పుడూ ఇవ్వలేదు. కూర్చున్నాను. కానీ పైనుంచి అశ్వర్థమ్మ పిలిచింది. కట్టు కట్టిన మోకాలితో అందరికంటే ముందు ఎక్కేసి, కోట గోడ పక్కన నిలబడి ఉంది. సిగ్గేసి మిగతా అరవై వేల మెట్లూ ఎక్కాను.

పైన గాలి వేరు. మా వైపు కొండెక్కినా కింద నీళ్లే కనబడతాయి. ఇక్కడ ఎర్రనేల, చెనిక్కాయ చేలు, రాళ్లు, చూసినంత దూరం ఆకాశం. అశ్వర్థమ్మ ఉత్తరంగా చెయ్యి చాపింది.

"అదిగో, ఆ మసక ఉండాదే, ఆడ మా ధర్మవరం. రేపటిదే నా ఆఖరు మ్యాచి సార్. ఈ మోకాలితో ఇంగ కుదరదు అన్యారు డాక్టర్లు. వచ్చే నెల నుంచి పొద్దన్నుంచీ సాయంత్రందాకా ఫైళ్లే."

"సొంత ఊళ్లో ఆఖరి మ్యాచి! ఇంట్లో వాళ్లంతా వస్తారుగా?"

ఆమె గోడకి ఆనుకుని కూర్చుంది. మగ్గం సంగతి వరసగా చెప్పింది. ధర్మవరంలో వేరే రంగు అంచున్న పట్టుచీర నేయాలంటే మగ్గం దగ్గర ఇద్దరు కావాలి. నేసేవాడు మధ్యలో కూర్చుని చీర నేస్తాడు. ఇంకొకరు పక్కన కూర్చుని అంచు నాడె, అంటే అంచు దారాన్ని అటూ ఇటూ నడిపే చిన్న చెక్క పడవ, అందిస్తారు. వాళ్ల నాయన కుళ్లాయప్పకి ఎనిమిదేళ్ల వయసు నుంచీ అంచు నాడె అందించింది ఈవిడే. పదిహేడేళ్లప్పుడు ఆట సెలక్షన్లకని పోయింది. ఉద్యోగం వచ్చింది. తిరిగి మగ్గం పక్కన కూర్చోలేదు.

"నేను పోయినాక నాయన రంగు అంచు చీర పట్టలేదు సార్. ఇంగో మనిషిని పెట్టుకోలేదు. వొట్టి చీరలే. కోపం గాదు. పోతే పలకరిస్తాడు. తిన్నావా అంటాడు, ఎప్పుడు పోతావు అంటాడు. పదమూడేండ్లాయ. ఆట గురించి మాత్రం ఒక్క మాట అడగలే. అదేం ఆటనో, ఎట్లాడతారో, గెలిచినావా ఓడినావా, ఏం అడగలే. రేపు వస్తాడో రాడో." ఆమె మోకాలి పట్టీ విప్పి మళ్లీ బిగించుకుంది. "ఒక్కసారి చూస్తే చాలు. బాగుందనొద్దు, బాగాలేదనొద్దు. చూస్తే చాలు."

నాకు హాస్యం తోచలేదు. నా జీవితంలో ఇది మూడోసారి.

ఆ సాయంత్రం పెనుకొండలో మేము గెలిచాం. ఎలా గెలిచామో వివరంగా రాయాలనే ఉంది గానీ, ఆట సాగుతున్నంతసేపూ నేను అశ్వర్థమ్మ మోకాలినే చూస్తూ కూర్చున్నాను.

సీతాఫలాల తప్పు

ఇప్పుడు నా నేరం చెబుతాను. పెనుకొండ బస్టాండులో సీతాఫలాలు. తలకాయంత కాయలు, డజను ఎనిమిది రూపాయలు. కొన్నాను. సంచీ లేదు. మేనేజరు బుర్ర పాదరసం. వలలు రెండూ తీసి, ఒకదాని అడుగు ముడేసి, పళ్లు నింపి, రెండోదానితో మూతి కట్టి, బస్సులో కిటికీ కొక్కేనికి వేలాడదీశాను. అందరూ మెచ్చుకున్నారు కూడా. ధర్మవరంలో పన్నెండు మందినీ లెక్కపెట్టి దించాను. నాలుగు బంతులూ దించాను. బస్సు కదిలి మలుపు తిరిగాక నా చెయ్యి ఎందుకో ఖాళీగా అనిపించింది. మా రెండు వలలూ సీతాఫలాలతో సహా కదిరి వైపు ప్రయాణం సాగించాయి.

"సార్, మీరు మమ్మల్ని మర్చిపోయి పండ్లు దించుకున్యా బాగుండు," అంది మేరీ. "మేము నడిచొస్తాం. వలలు నడవవు."

ధర్మవరం ఆటల మాస్టరు రామాంజులు ఉగ్గాణీ బజ్జీ తినిపించి నన్ను ఓదార్చాడు. మరమరాలని నానబెట్టి తాలింపు వేస్తే ఇంత రుచి వస్తుందని మా జిల్లాలో ఎవరికీ తెలియదు. పక్కన మిరపకాయ బజ్జీ, మొత్తం ఐదు రూపాయలు. దుఃఖంలో మూడు ప్లేట్లు తిన్నాను.

"ఒక రింగుకి మా వాలీబాల్ వల ముక్క కట్టేస్తా. రెండోదానికి ఏమి దిగులు సార్," అన్నాడు రామాంజులు. "ఈ ఊర్లో దారం పట్టేవాళ్లకి కరువా? రాండి."

మగ్గం దగ్గర

అతను నన్ను తీసుకుపోయిన వీధిలో ప్రతి ఇంట్లోంచీ టకటకమని మగ్గాల చప్పుడు. వీధి పొడవునా పట్టుదారాలు సాగదీసి కట్టారు. వాటి పక్కనుంచి ఒంగి నడిచాం. ఒక ఇంటి ముందు రామాంజులు ఆగి, "కుళ్లాయప్పన్నా!" అని కేక వేశాడు.

నేను అతని చొక్కా పట్టుకున్నాను. "ఏమయ్యా, ఈయనేనా?"

"ఈయనే. నోరు మూసుకోని రాండి సార్," అని గుసగుసలాడాడు.

గుంట మగ్గంలో కూర్చున్న మనిషి తలెత్తాడు. బక్కపల్చన, అరవై దాటిన వయసు. మగ్గం మీద లేత పసుపు చీర, ఆ చివర నుంచి ఈ చివరకి ఒకే రంగు. పక్కన ఒక పీట, దాని మీద ఎవరూ లేరు. దారపు ఉండలున్నాయి.

రామాంజులు రింగు కొలత నూలుపోగుతో తెచ్చాడు. విషయం చెప్పాడు. కుళ్లాయప్ప ఆ పోగుని వేళ్లమీద కొలిచాడు.

"దీంట్లోకి బంతి వేస్తారా?"

"ఔనన్నా. పైనుంచి."

"బరువెంత?"

అరకిలో పైన ఉంటుందని నేను చెప్పాను. జీవితంలో మొదటిసారి ఒక అంకెని ఉన్నదున్నట్టు చెప్పాను.

"అరకిలోకి తెగేదా నా దారం?" అన్నాడాయన. "నాలుగు గంటలకి వచ్చి తీసకపోండి."

ఎవరు ఆడుతున్నారని ఆయన అడగలేదు. ఊరంతా గోడలకి కాగితాలు అతికించి ఉన్నాయి. వాటి మీద కెప్టెను పేరు ఉంది. నేను గుమ్మం దాటుతూ ఆగలేక అనేశాను. "సాయంత్రం మీరు కూడా రండి. ముందు వరసలో కుర్చీ ఉంచుతాను."

"పని ఉండాది," అన్నాడు, నాడె విసిరి.

దోటి పట్టిన మనిషి

హైస్కూలు మైదానంలో జనం లక్ష మంది. గోడల మీద, కొమ్మల మీద, నీళ్ల ట్యాంకు మీద. వాళ్లలో సగం మంది ఆడవాళ్లు, మగ్గాలు ఆపి వచ్చినవాళ్లు. ముందు వరసలో ఒక కుర్చీ మీద నా తువ్వాలు వేసి కాపలా కాశాను.

పెద్దల ఉపన్యాసాలు సాగుతుండగానే రామాంజులు నిచ్చెన వేసి వల కట్టించాడు. ఆ వల చూసి నేను మళ్లీ నోరు తెరిచాను, ఈసారి మిరపఘాటు లేదు కాబట్టి తెరిచే ఉంచాను. రింగుకి కట్టే పట్టీ వేలెడు వెడల్పున ఎర్రపట్టుతో నేసి ఉంది. దాని కింద లేత పసుపు పట్టుదారం ఏడెనిమిది పేటలు పురిపెట్టి వేసిన ముడులు, ఒక్కో ముడి గోరంత. కింద ఎంతో చక్కగా, మల్లెమొగ్గలా దగ్గరకి లాగి కట్టేసి ఉంది.

అశ్వర్థమ్మ రింగు కింద నిలబడి పైకి చూసింది. నేను చెప్పనక్కర్లేకపోయింది.

"మా నాయన ముడి," అంది. తర్వాత మెల్లగా, "అంచు వేసినాడు," అంది.

ఆట మొదలైంది. మొదటి సగం పట్టువల వైపు బంతి వేయాల్సింది బెంగుళూరు వాళ్లు. వాళ్ల కెప్టెను చక్కటి గోల్ వేసింది. బంతి రింగులోకి దిగింది. వలలోకి దిగింది. అక్కడే ఆగిపోయింది.

కింద నిలబడ్డవాళ్లు చేతులు చాపి ఎదురుచూశారు. బంతి రాలేదు. పట్టువలలో హాయిగా కూర్చుంది.

అప్పుడు నాకు అర్థమైంది. కుళ్లాయప్ప కొలత చూశాడు, బరువు అడిగాడు. బంతి కిందికి పోవాలా అని అడగలేదు. మేము చెప్పలేదు. లోకంలో ఆ సంగతి తెలియని మనిషి ఉంటాడని మాకు తోచలేదు. పదమూడేళ్లుగా కూతురు ఆడే ఆటని ఒక్కసారీ చూడని నేతగాడు, బంతి జారిపోకుండా భద్రంగా పట్టుకునే వలని అల్లాడు.

బెంగుళూరు కోచ్ పరుగున వచ్చాడు. రెఫరీ నిబంధనల పుస్తకం తీశాడు. పైనుంచి రింగులోకి పోయిన బంతి కిందికి జారినా, లోపలే నిలిచినా గోలేనని అందులో ఉంది. గోల్ ఇచ్చారు. బంతిని దించేదెలా? టెంకాయల వ్యాపారి ఒకాయన దోటి తెచ్చాడు. కింది నుంచి పొడిచాడు. బంతి ఎగిరి బయటపడింది. జనం ఈలలు! ఆ పూట ఆయనకి వచ్చినన్ని చప్పట్లు ఏ మంత్రికీ రాలేదు.

"అడుగు కత్తిరిస్తే పోతుంది గదా," అన్నాడు కోచ్. ఎవరో కత్తెర తెచ్చారు.

"కత్తెర పెట్టొద్దండి," అంది అశ్వర్థమ్మ. అంతే అంది. బెంగుళూరు కెప్టెను నిచ్చెన మీద రెండు మెట్లెక్కి వలని వేళ్లతో తడిమింది. "ఇదు రేష్మె!" అని, ఇది పట్టని, కన్నడంలో ఆశ్చర్యపోయింది. పట్టు మీద కత్తెర పెట్టడానికి ఆమెకీ మనసొప్పలేదు. సగం ఆట తర్వాత ఎటూ దిక్కులు మారతాయి, కష్టమైనా సుఖమైనా ఇద్దరికీ సమానమే అంది. గోల్ పడ్డప్పుడల్లా ఆట ఆగడం, దోటి రావడం, పొడవడం. అలా సాగింది.

రెండో సగం. పట్టువల మా వైపు వచ్చింది. కుర్చీ మీద నా తువ్వాలు అలాగే ఉంది. అశ్వర్థమ్మ ప్రతి గోల్ తర్వాత ఆ కుర్చీ వైపు ఒక చూపు చూస్తోంది. మోకాలి పట్టీ కింద కాలు వాచింది. కుంటడం లేదు, కుంటకుండా ఉండటానికి ఎంత పడుతోందో మాత్రం పళ్లు కరిచిన తీరులో తెలుస్తోంది. ఆట అయిదు నిమిషాలుందనగా గోడ దగ్గర జనం పక్కకి జరిగారు. భుజాన తువ్వాలు, చేతుల మీద పసుపురంగు. కుళ్లాయప్ప. రామాంజులు చెయ్యి పట్టుకుని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, మగ్గం మీది పడుగు దారాల్ని చూసినట్టు, ఆటని చూశాడు.

ఆఖరి క్షణాలు. మేము ఒక్క పాయింటు వెనక. మేరీ బంతిని తూర్పుకి చూస్తూ పడమటికి విసిరింది. పడమట అశ్వర్థమ్మ ఉంది. ఇద్దరు ఆమె మీదకి లేచారు. ఆమె వాళ్లకంటే ముందు లేచింది, వాళ్లు దిగాక కూడా పైనే ఉంది. బంతి వదిలింది. ఎర్రంచు తాకకుండా లోపలికి పోయింది. నిలిచింది.

ఆట అయిపోయినట్టు విజిల్. గోలుకి రెండు పాయింట్లని రెఫరీ రెండు వేళ్లు ఎత్తాడు. దోటి మనిషి లేవబోయాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఆయన్ని కూర్చోబెట్టేశారు. లక్ష మంది తలలెత్తి, పట్టువలలో వేలాడుతున్న ఆ బంతిని చూస్తూ నిలబడ్డారు. దించమని ఎవరూ అనలేదు. కుర్చీలో ముసలాయన లేచి, ఒక్కసారి, ఒకే ఒక్కసారి చప్పట్లు కొట్టాడు.

భాగించడానికి వీల్లేని చోటు

నాలుగు వేల తుమ్ములని భాగించండి. మెట్లని భాగించండి. ధర్మవరం లక్ష మందిని మూడుతో కాదు, ముప్పైతో భాగించినా తప్పులేదు. ఏదో ఒకటి మిగులుతుంది. పట్టువల మాట చెబితే మా ఆఫీసులో ఎవరూ నమ్మడం లేదు. అది మాత్రం అక్షరాలా నిజం.

కుళ్లాయప్ప మైదానానికి వచ్చాడన్నది నేను పుట్టించాను. ఆయన రాలేదు. కుర్చీ మీద నా తువ్వాలు చివరిదాకా అలాగే ఉంది. సున్నాని ఎంతతో హెచ్చవేసినా సున్నాయే. రాయడం మొదలుపెట్టినప్పుడు ఆ కుర్చీని ఖాళీగా వదలడానికి నాకు చేతకాలేదు, అంతే.

జరిగింది ఇది. జనం పోయాక అశ్వర్థమ్మ నిచ్చెనెక్కి తనే ఆ వల విప్పుకుంది. మడిచి సంచీలో పెట్టుకుంది. కుంటుకుంటూ మగ్గాల వీధికి నడిచింది, ఇప్పుడు దాచుకోలేదు. మేనేజరుని గనుక వెంట వెళ్లాను. ఇంకా వెలుతురు ఉంది. కుళ్లాయప్ప మగ్గంలోనే ఉన్నాడు గానీ నాడె ఆడించడం లేదు. ఆమె వల తీసి ఆయన ముందు పెట్టింది.

"తెగిందా?" అన్నాడు.

"తెగలే నాయనా."

"బంతి దిగలేదంటనే. వీధంతా చెప్పుకుంటాండారు."

"దిగలే. నిలిచింది."

"దిగాల్నా?"

"దిగాల."

ఆయన వలని తిప్పి, తాను బిగించిన అడుగు ముడిని చూశాడు. "నాకెవురూ చెప్పలేదే," అన్నాడు.

"నువ్వు అడగలేదే నాయనా," అంది ఆమె.

మగ్గాల చప్పుడు పక్క ఇళ్లలోంచి వస్తోంది.  ఆయన వేలి గోటితో అడుగు ముడి విప్పి, వల నోరు వెడల్పు చేసి, నా వైపు చూశాడు.

"ఎట్ల దిగుతాదో చూపీ," అన్నాడు కూతురితో.

ఆమె నన్ను గోడ పక్కన నిలబెట్టింది. రెండు చేతులూ తలపైకెత్తించి, వేళ్లు కలిపి గుండ్రంగా పట్టించింది. ఆ గుండ్రానికి ఎర్రంచు చుట్టి వల వేలాడదీసింది. నలభై ఏడేళ్ల వయసులో నేను బాస్కెట్‌బాల్ రింగునయ్యాను. ఇందులో అతిశయోక్తి లేదు, చేతులు ఇప్పటికీ నొప్పి. పక్క పీట మీది దారపు ఉండ తీసుకుంది. మూడడుగులు వెనక్కి వేసింది. వాచిన మోకాలు వంచి, ఎగరకుండా, మణికట్టుతో వదిలింది.

ఉండ నా చేతుల మధ్యలోంచి, పట్టులోంచి, చప్పుడు లేకుండా జారి నేల మీద పడి ఆయన కాళ్ల దాకా దొర్లింది. ఆయన వంగి తీశాడు. ఒకసారి వలని, ఒకసారి కూతుర్ని చూశాడు. ఉండని ఆమె చేతికిచ్చాడు.

"ఇంకొక తూరి ఎయ్యి," అన్నాడు.